అప్పు తీర్చిన విధవరాలి కుమారుడు



రాజులు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో ఒక విధవరాలిని చూస్తాము. ఆమె భర్త దేవునియందు భయభక్తులు గలవాడు. అతడు చనిపోయాక అప్పులవాడు గుమ్మంలోకి వచ్చాడు. బాకీ కింద ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోతానన్నాడు. ఆమె ఏడుస్తూ ఎలీషా ప్రవక్త దగ్గరకు వెళ్ళింది. నీ ఇంట్లో ఏముందని ఆయన మొదట అడిగాడు. కొంచెం నూనె ఉంది. ఆ నూనెనే దేవుడు వృద్ధి చేశాడు. అప్పుడు ప్రవక్త ఇచ్చిన సలహా గమనించండి. నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు. మిగిలినదానితో ఆమెను, పిల్లలను బ్రతకమన్నాడు. దేవుడు అద్భుతం చేసిన ఇంట్లో కూడా మొదటి లెక్క అప్పుల లెక్కే!

ఈ వృత్తాంతాన్ని గుర్తుకు తెచ్చే ఒక మనిషి జీవితాన్ని ఈ నెల ధ్యానిద్దాము. ఆయన పేరు హీబర్ జె. గ్రాంట్. 1918 నుండి 1945 వరకు మోర్మన్ సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. వారి బోధ మన బోధ ఒకటి కాదు. ఆ సంగతి దాచకుండా తరువాత చెప్పుకుందాము. అయితే అప్పు, పేదరికం, సంఘ సహాయం అనే మూడు విషయాలలో ఈయన బ్రతుకు నుండి మన పల్లె కుటుంబాలు నేర్చుకోదగినది చాలా ఉంది.

తొమ్మిది రోజుల పసికందు

మోర్మన్ సంఘాన్ని 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ అనే వ్యక్తి స్థాపించాడు. 1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక గుంపు ఆయనను చంపింది. ఆ తరువాత ఆయన అనుచరులు బ్రిగమ్ యంగ్ నాయకత్వాన బండ్లు కట్టుకుని పడమటి దిక్కుగా సాగి, 1847లో కొండలూ ఎడారీ కలిసిన ప్రాంతానికి చేరారు. అదే నేటి యూటా రాష్ట్రం. అక్కడ వారు కట్టుకున్న పట్టణం సాల్ట్ లేక్ సిటీ. ఆ పట్టణానికి మొదటి మేయరు జెడెడయా గ్రాంట్.

1856 నవంబరు 22న ఆయనకు హీబర్ పుట్టాడు. సరిగ్గా తొమ్మిది రోజులకు తండ్రి జబ్బుచేసి చనిపోయాడు. ఆయన వయస్సు అప్పటికి నలభై ఏండ్లే. తల్లి రేచల్ ఐవిన్స్ ఒడిలో పసివాడు మిగిలాడు. ఆమెకు వాడొక్కడే బిడ్డ.

రేచల్ న్యూ జెర్సీలో కలవారింట పుట్టిన ఆడపడుచు. చిన్నప్పుడు క్వేకరుల మధ్య పెరిగి, పదహారవ యేట బాప్టిస్టు సంఘంలో చేరి, తరువాత మోర్మన్ అయింది. ఆ మతాన్ని విడిచి వస్తే జీవితాంతం పోషిస్తామని పుట్టింటివారు కబురు చేశారు. ఆమె వెళ్ళలేదు. పెద్ద ఇల్లు చేజారి చిన్న ఇంట్లోకి మారింది. కుట్టుమిషను పెట్టుకుని ఊరివారికి బట్టలు కుట్టింది. డబ్బిచ్చి భోజనం చేసేవారికి ఇంట్లో బస ఇచ్చి వండిపెట్టింది. రాత్రి పొద్దుపోయేదాకా మిషను తొక్కి తొక్కి ఆమె కాళ్ళు నొప్పిపుడితే, పిల్లవాడు నేల మీద కూర్చుని చేతులతో ఆ పెడలు ఆడించేవాడు. చలికాలంలో పొయ్యిలో నిప్పు లేని రోజులు, కాళ్ళకు చెప్పులు లేని నెలలు వారికి కొత్త కాదు.

ఒకసారి పెద్ద వాన కురిసింది. వారి స్థానిక సంఘ పెద్ద ఎడ్విన్ వూలీ చూడటానికి వచ్చాడు. ఇంటి నడిమధ్య బకెట్లు పెట్టి ఉన్నాయి. కప్పు నుండి నీళ్ళు వాటిలోకి ధారగా పడుతున్నాయి. ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది: నెలకొకసారి ఉపవాసముండి, తినని భోజనం విలువను పేదల కోసం కానుకగా ఇస్తారు. ఆ డబ్బుతో కప్పు వేయిస్తానని పెద్ద అన్నాడు. రేచల్ వద్దన్నది. తన చేతిలో కుట్టుపని ఉన్నదనీ, డబ్బు కూడినప్పుడు తానే బాగు చేయించుకుంటాననీ, తన కుమారుడు పెద్దవాడై కొత్త ఇల్లు కట్టిస్తాడనీ చెప్పింది. ఆ కుమారుని నమ్ముకుంటే నీకు ఇల్లు రాదు, ఈ పేటలో వాడంత సోమరి లేడని పెద్ద నవ్వాడు.

ఆ మాట ఎందుకన్నాడంటే, పిల్లవాడు రోజూ గంటల తరబడి ఆయన కొట్టాం గోడకే బంతి విసురుతూ కనిపించేవాడు.

ఆ బంతి వెనుక సంగతి ఇది. హీబర్ ఒక్కడే కొడుకు గనుక తోటి పిల్లలతో ఆడి పెరగలేదు. బేస్‌బాల్ ఆటలో బంతిని సరిగా విసరలేకపోతే పిల్లలు ఆడపిల్ల అని ఎగతాళి చేశారు. వాడు ఇంట్లో బసచేసేవారి బూట్లు తుడిచి ఒక డాలరు కూడబెట్టి బంతి కొన్నాడు. చేయి నొప్పితో రాత్రి నిద్ర పట్టనంతగా సాధన చేశాడు. కొన్నేండ్లకు అతడున్న జట్టు యూటా ప్రాంతమంతటిలో మొదటి స్థానం గెలిచింది. చేతివ్రాత విషయంలోనూ ఇదే జరిగింది. అతని వ్రాత కోడి కెలికినట్టు ఉందని స్నేహితులు నవ్వారు. పట్టుబట్టి నేర్చుకుని, తరువాత యూనివర్సిటీలో చేతివ్రాత, జమాఖర్చులు నేర్పే ఉపాధ్యాయుడయ్యాడు. పాట మాత్రం ఎంత సాధించినా అంతంత మాత్రమే వచ్చింది. ఒకసారి ప్రయాణంలో తోటి నాయకులకు రోజంతా సుమారు నూరు కీర్తనలు వినిపించాడని, వారు పాపం ఓర్చుకున్నారని చెప్పుకుంటారు.

కొత్త ఇల్లు సంగతి? కుమారుడు సంపాదించాక తల్లికి ఆ ఇల్లు అమిరింది. సోమరి అన్న వూలీ గారే వచ్చి ఆ ఇంటిని ప్రార్థనతో దీవించాడు. రేచల్ ఆ పేట స్త్రీల సమాజానికి సుమారు 35 సంవత్సరాలు అధ్యక్షురాలిగా ఉండి, ఇతర పేదల ఇండ్లు చూసుకుంటూ 1909లో కన్నుమూసింది.

అప్పుల ఊబి

కష్టపడే యువకునికి పైకి రావడం కష్టం కాలేదు. గ్రాంట్ భీమా వ్యాపారం పెట్టాడు, బ్యాంకు అధ్యక్షుడయ్యాడు, రైతులు పండించే బీట్ దుంపల నుండి చక్కెర తీసే కర్మాగారానికి పెట్టుబడి కూర్చినవారిలో ముఖ్యుడు. 1882లో ఇరవై అయిదేండ్ల వయస్సులోనే సంఘం ఆయనను పన్నెండుమంది అపొస్తలులలో ఒకరిగా నియమించింది. ఆ సంఘంలో ఉన్నత నాయకులకు ఇచ్చే పదవి పేరు అది. ఆయన వ్యాపారమూ చేస్తూ, సంఘ పరిచర్యా చేసేవాడు.

అయితే ఆ వ్యాపారాలలో చాలా భాగం అరువు సొమ్ము మీద నడిచాయి. 1893లో అమెరికా అంతటా పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. బ్యాంకులు వందల లెక్కన మూతబడ్డాయి. వెండి ధర పడిపోయి పడమటి రాష్ట్రాలు దెబ్బతిన్నాయి. గ్రాంట్ న్యూయార్కు వెళ్ళి ధనికుల గడప గడపా తొక్కి, సాల్ట్ లేక్‌లోని బ్యాంకు మూతబడకుండా అప్పు తెచ్చాడు. బ్యాంకు నిలిచింది. కాని ఆయన కొన్న వాటాల విలువ కుంగిపోయింది. అప్పు మాత్రం కుంగలేదు, వడ్డీతో పెరిగింది.

ఆ యేడే, 1893 జనవరిలో, ఆయన భార్య లూసీ దీర్ఘకాలపు జబ్బుతో మరణించింది. ఆయనకు పుట్టిన పన్నెండుమంది పిల్లలలో ఇద్దరే మగపిల్లలు. ఆ ఇద్దరూ చిన్నతనంలోనే చనిపోయారు. ధనవంతుడని ఊరంతా అనుకున్న మనిషి ఏండ్ల తరబడి వడ్డీ ఎలా కట్టాలా అని నిద్రలేక గడిపాడు.

1901లో సంఘ అధ్యక్షుడు లొరెంజో స్నో జపానులో కొత్త మిషను ప్రారంభించడానికి ఆయనను పిలిచాడు. అప్పులతో ఉన్న మనిషి సముద్రం దాటి ఎలా వెళ్తాడు? అయినా తన బాధ చెప్పుకోకుండా సరే అన్నాడు. బయలుదేరేలోగా ఉన్న కొద్ది నెలలలో ప్రార్థన చేసుకుని, శక్తికొలది వ్యాపారం చేసి, అప్పుల బరువు దించుకున్నాడు. ముగ్గురు తోటివారితో 1901 ఆగస్టు 12న యొకొహామా రేవులో దిగాడు.

అక్కడ ఆయన పట్టుదలకు ఫలితం దొరకలేదు. జపాను భాష ఆయనకు పట్టుబడలేదు. రెండేండ్లలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మందే వారి సంఘంలో చేరారు. 1903లో ఆయన తిరిగి వచ్చాడు. ఆ మిషను మరి కొన్నేండ్లు సాగింది. 23 ఏండ్లలో మొత్తం 166 మంది మాత్రమే బాప్తిస్మము పొందారు. 1924లో దానిని మూసివేసే నిర్ణయం తీసుకున్నవాడు కూడా అధ్యక్షుడైన గ్రాంటే. పట్టుదల ఉంటే అన్నీ సాధ్యమే అని మనం పిల్లలకు చెప్తాము. ఈయన బ్రతుకులో సాధ్యం కానివీ ఉన్నాయని చెప్పడం న్యాయం.

సంఘమే అప్పులో పడినప్పుడు

ఆ రోజుల్లో గ్రాంట్ ఒక్కడే కాదు, ఆయన సంఘం కూడా అప్పులో ఉంది. బహుభార్యాత్వాన్ని అణచడానికి అమెరికా ప్రభుత్వం 1887లో చేసిన చట్టం ప్రకారం సంఘ ఆస్తులను స్వాధీనం చేసుకున్నది. విశ్వాసులు కానుకలివ్వడం తగ్గించారు. 1899లో లొరెంజో స్నో దక్షిణ యూటాకు వెళ్ళాడు. అక్కడ కరువు తాండవిస్తున్నది. ఆ ఎండిన పొలాల మధ్య నుండే ఆయన దశమభాగము మరల నమ్మకంగా ఇవ్వమని సంఘస్థులను వేడుకున్నాడు. జనులు ఇచ్చారు. 1907 నాటికి సంఘం తన అప్పు పూర్తిగా తీర్చుకున్నది.

1918 నవంబరులో గ్రాంట్ అధ్యక్షుడయ్యాడు. ప్రపంచమంతటా విషజ్వరం ప్రబలిన సంవత్సరమది. ఆ జ్వరం కారణంగా ఏప్రిల్‌లో జరగవలసిన వారి మహాసభ 1919 జూన్ దాకా వాయిదా పడింది. కోవిడ్ కాలంలో మూతబడిన ఆలయాలను చూసిన మనకు ఆ రోజులు ఎలాంటివో చెప్పనవసరం లేదు.

అప్పటికి అమెరికా రైతులకు మంచి ధరలు వస్తున్నాయి. యుద్ధకాలంలో గోధుమ ధర పెరిగింది. ఎందరో పొలం తాకట్టు పెట్టి మరో పొలం కొన్నారు. 1920 తరువాత ధరలు కూలాయి. అప్పు నిలిచింది, పొలం పోయింది. మన ప్రాంతంలో పత్తికి, మిరపకు ఒక యేడు మంచి ధర వచ్చిందని కౌలుకు తీసుకుని మరుసటి యేడు నష్టపోయిన కుటుంబాలకు ఈ కథ బాగా తెలుసు. గ్రాంట్ సభ తరువాత సభలో ఒకే మాట చెప్పాడు: అప్పు చేయకండి, చేసినది తీర్చండి, ఇంటిని పొలాన్ని తాకట్టు పెట్టకండి. ఆ ఊబిలో తాను దిగి చూశాడు గనుక ఆ మాటకు బరువుండేది. తన చేతి డబ్బుతో విధవరాండ్ర ఇండ్ల తాకట్టు విడిపించిన సందర్భాలూ ఉన్నాయి.

ఆకలి రోజులలో సంఘం

1929లో మహా ఆర్థిక మాంద్యం మొదలయింది. యూటాలో పనిచేయగల ప్రతి ముగ్గురిలో ఒకరికి పని లేని దశ వచ్చింది. సాల్ట్ లేక్ పట్టణంలో కార్మికులుండే ఒక ప్రాంతంలో మోర్మన్ సంఘస్థులు 7,300 మంది ఉంటే, వారిలో 4,800 మందికి సహాయం కావలసి వచ్చింది. ఆ ప్రాంత సంఘాల పెద్ద హెరాల్డ్ బి. లీ. వయస్సు ముప్పై దాటినవాడు. పల్లెల్లో ధర లేక పంట పొలంలోనే కుళ్ళిపోతుంటే, పట్టణంలో జనం పస్తులుంటున్నారు. లీ పనిలేని మనుష్యులను పొలాలకు పంపాడు. వారు కోత కోసి, తమ కూలి కింద పంటలో వాటా తెచ్చారు. ఆ సరుకు ఒక గిడ్డంగిలో పెట్టి, అవసరాన్ని బట్టి కుటుంబాలకు పంచారు.

1935లో గ్రాంట్ ఆ యువకుని పిలిపించి, ఇదే పని సంఘమంతటికీ చేయమన్నాడు. 1936 ఏప్రిల్‌లో ఆ పథకం ప్రకటించారు. అందులోని క్రమం ఇది. ఆపద వచ్చినవాడు ముందు తన శక్తి మీద నిలబడాలి. చాలకపోతే బంధువులు ఆదుకోవాలి. అదీ చాలకపోతే సంఘం. సంఘ పెద్ద, స్త్రీల సమాజం వారు ఇంటికి వెళ్ళి చూసి అవసరం తెలుసుకుంటారు. సహాయం పొందేవారు చేతనైనంత పని చేస్తారు. కొందరు దున్నుతారు, కొందరు కుట్టుతారు, కొందరు పండ్లను డబ్బాలలో నిలవ చేస్తారు. ముసలివారికి, రోగులకు మాత్రం ఆ నియమం లేదు. ఎవరూ బిచ్చగాడిలా తల వంచుకుని నిలబడకూడదన్నది ఉద్దేశం. వాన కారే ఇంట్లో కుట్టుమిషను దగ్గర కూర్చున్న తల్లిని ఈ పథకంలో మనం గుర్తుపట్టవచ్చు.

ఈ పథకం అందరి ఆకలీ తీర్చలేదు. ప్రభుత్వం ఇచ్చిన సహాయం మీద బ్రతికిన మోర్మన్ కుటుంబాలు చాలా ఉన్నాయి. గ్రాంట్‌కు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ విధానాలు నచ్చలేదు. సంఘస్థులు మాత్రం 1936లో రూజ్‌వెల్ట్‌నే పెద్ద మెజారిటీతో గెలిపించారు. మద్యనిషేధం ఎత్తివేయవద్దని ఆయన ఎంత చెప్పినా, 1933లో యూటా ఓటే ఆ నిషేధానికి చివరి దెబ్బ అయింది. నాయకుని మాట జనం అన్నిటా వినరు. అయినా ఆ గిడ్డంగులు నిలిచాయి. 1945 మే 14న ఎనభై ఎనిమిదవ యేట గ్రాంట్ మరణించాడు. మరుసటి సంవత్సరం, యుద్ధంతో శిథిలమైన యూరపుకు ఆ గిడ్డంగుల నుండే ఆహారము, బట్టలు ఓడలలో వెళ్ళాయి.

మనము ఒప్పుకొనలేనివి

సహోదరులారా, మంచిని మంచి అని చెప్పేటప్పుడు సత్యాన్ని విడువకూడదు. బైబిలుతో సమానంగా మోర్మన్ గ్రంథమును, వారి ప్రవక్తల ప్రకటనలను వారు దేవుని వాక్యమని ఎంచుతారు. మనము అలా ఎంచము. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను గూర్చిన వారి బోధ త్రియేక దేవుని గూర్చిన మన విశ్వాసముతో ఏకీభవించదు. గ్రాంట్‌కు ముగ్గురు భార్యలు. 1890లో వారి సంఘం బహుభార్యాత్వాన్ని విడిచిపెడుతున్నట్టు ప్రకటించింది. పాత వివాహాలను కొనసాగించినందుకు 1899లో ఆయన న్యాయస్థానంలో నేరం ఒప్పుకుని 100 డాలర్ల జుల్మానా కట్టాడు. అధ్యక్షుడయ్యాక మాత్రం కొత్తగా అలాంటి వివాహాలు చేసుకున్నవారిని వెలివేశాడు. నల్లజాతి పురుషులకు ఆ సంఘం 1978 వరకు యాజకత్వం ఇవ్వలేదు. ఇవి చిన్న విషయాలు కావు.

వారు మనకు మరీ దూరస్థులు కూడా కాదు. భారతదేశంలో వారి మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల కూడిక, 2012లో మన హైదరాబాదులోనే ఏర్పడింది. పొరుగువారి విశ్వాసమేమిటో తెలుసుకుని మాట్లాడటం, వారిలో మంచి కనబడితే ఒప్పుకోవడం, మన విశ్వాసంలో స్థిరంగా ఉండటం, ఈ మూడూ కలిసి సాగవచ్చు.

మన ఇండ్లలో, మన సంఘాలలో

ఇక మన సంగతి చూచుకుందాము. పెళ్ళికి అప్పు, కట్నానికి అప్పు, బోరు బావికి అప్పు, ఆసుపత్రికి అప్పు, క్రిస్మసు బట్టలకు కూడా అప్పు! పౌలు భక్తుడు రోమా పత్రిక పదమూడవ అధ్యాయములో ప్రేమ విషయంలో తప్ప మరి దేనిలోనూ ఎవరికీ బాకీపడి ఉండవద్దని బోధించాడు. ఆ వచనం మనకు నోటికి వచ్చు. వడ్డీ లెక్క మాత్రం భర్తకు తెలిస్తే భార్యకు తెలియదు. భార్య పొదుపు సంఘంలో తీసుకున్నది భర్తకు తెలియదు. అప్పు దాచినకొద్దీ పెరుగుతుంది. అప్పు బాధకు పురుగుమందు డబ్బా చేతిలోకి తీసుకున్న రైతుల వార్తలు మన జిల్లాల నుండే వచ్చాయి. వారిలో కొందరు మన ఆలయాలలో బల్ల మీద కూర్చున్నవారు.

కాబట్టి ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థన తరువాత భార్యాభర్తలు కలిసి కూర్చోండి. ఎవరికి ఎంత ఇవ్వాలో, వడ్డీ ఎంతో ఒక కాగితం మీద వ్రాయండి. ఎలీషా అడిగిన ప్రశ్న మీరూ వేసుకోండి: మన ఇంట్లో ఏముంది? ఒక పాడి గేదె, ఒక కుట్టుమిషను, పెరట్లో నాలుగు మునగ చెట్లు, చదువుకున్న పిల్ల. దానితో మొదలుపెట్టండి. ఎక్కువ వడ్డీ ఉన్నదానిని ముందు తీర్చండి. కొడుకు పెళ్ళి చిన్న పందిరిలో చేసినా దేవుని దీవెన తగ్గదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. వంట బియ్యంలో నుండి పిడికెడు తీసి ప్రభువుకు దాచే తల్లులు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. ఆ బియ్యం ఎవరి ఇంటికి చేరుతున్నది? సంఘంలో అప్పుతో నలిగిపోతున్న కుటుంబం ఏదో మీకు తెలుసునా? వారు సిగ్గుపడి చెప్పరు. ఎడ్విన్ వూలీ చేసినట్టు మీరే వెళ్ళాలి. పని చేయగలవారికి పని చూపించండి, చేయలేనివారిని మోయండి. సహాయం చేసినప్పుడు వారి పేరు మైకులో చదవకండి.

తొలకరి వానలకు ముందు మీ సంఘంలోని విధవరాండ్ర ఇండ్ల కప్పులు ఒకసారి చూసి రండి. ఎక్కడ బకెట్లు పెట్టుకుంటున్నారో అక్కడ కొత్త రేకులు వేయించండి. ఆ తల్లి వద్దంటే, రేకులు మోయడానికి ఆమె కొడుకును కూడా పిలవండి.

విధవరాండ్రకు న్యాయకర్తయైన దేవుడు అప్పుల బాధలో ఉన్న ప్రతి కుటుంబానికి ఆలోచన, ఓర్పు, తోడు అనుగ్రహించును గాక. ఆమేన్.